ఖజానాలో డబ్బుంది, తీసే అనుమతి లేదు

అమెరికా అధ్యక్షుడు ఒక నడవలో నిలబడి ఉంటాడు. తలుపుకు అవతల ప్రతినిధుల సభ స్పీకరు తన పక్షం వారితో కూర్చుని, వచ్చిన మనిషిని ఇప్పుడే లోపలికి పిలవాలా, ముందు తమ మాట ఏమిటో తేల్చుకోవాలా అని తర్జనభర్జన పడుతుంటాడు. నిమిషాలు గడుస్తాయి. ఇదంతా విలేకరుల కళ్లముందే జరుగుతుంది. చివరికి స్పీకరు తలుపు తెరిచేసరికి నడవ ఖాళీగా ఉంటుంది. అధ్యక్షుడిని గుమ్మంలో నిలబెట్టిన స్పీకరు అన్న పేరు ఆ సాయంత్రానికే దేశమంతా పాకుతుంది.

ఇది 2003 నవంబర్ 19న అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో ప్రసారమైన ‘ద వెస్ట్ వింగ్’ అనే కల్పిత రాజకీయ సీరియల్ అయిదో సీజన్‌లోని ఎనిమిదో ఎపిసోడ్. దాని పేరే ‘షట్‌డౌన్’. అంతకుముందు ఎపిసోడ్‌లో తాత్కాలిక నిధుల ఒప్పందం ఒక శాతం కోతతో దాదాపు కుదిరిపోతుంది. ఆఖరి క్షణంలో స్పీకర్ జెఫ్ హాఫ్లీ మూడు శాతం కోత కావాలని పట్టుబడతాడు. అధ్యక్షుడు బార్ట్‌లెట్ ససేమిరా అంటాడు. గడువు దాటుతుంది, ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. తర్వాత సహాయకుడు జాష్ లైమన్ సలహా మీద అధ్యక్షుడు కార్ల వరసను మధ్యలో ఆపించి, మిగిలిన దూరం కాంగ్రెస్ భవనానికి నడిచి వెళతాడు. మొదట చెప్పిన నడవ సన్నివేశం అక్కడిదే.

ఈ ఎపిసోడ్‌ను నేను విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివర ఉండే బాబాయి గారింట్లో, ఆయన పక్కన కూర్చుని చూశాను. ఆయన ట్రెజరీలో ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు పాస్ చేసి రిటైరయిన మనిషి. నడవ సన్నివేశం ఆయనను పెద్దగా కదిలించలేదు. ఆయన మనసు వేరే దగ్గర చిక్కుకుంది. “డబ్బుకు సభ ఒప్పుకోలేదు సరే, మరి ఆ అధ్యక్షుడు ఇంకా కుర్చీలోనే ఉన్నాడేటి బాబూ?” అని అడిగారు. ఎపిసోడ్ మొత్తానికి అంతకంటే మంచి ప్రశ్న లేదనిపించి, దాని జవాబును కొంచెం విడమర్చి రాయాలనుకున్నాను.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. షట్‌డౌన్ అంటే ప్రభుత్వం దివాలా తీయడం కాదు. పన్నులు వస్తూనే ఉంటాయి, ఖజానాలో సొమ్ము ఉంటుంది. లేనిది ఆ సొమ్మును తీయడానికి చట్టసభ ఇచ్చే అనుమతి. చట్టం ద్వారా జరిగిన కేటాయింపు లేకుండా ఖజానా నుంచి డబ్బు తీయరాదని అమెరికా రాజ్యాంగంలోని మొదటి అధికరణం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. మన రాజ్యాంగంలో 266వ అధికరణం మూడో క్లాజు సంఘటిత నిధి, అంటే ప్రభుత్వ రాబడి చేరే ప్రధాన ఖజానా గురించి చెప్పేదీ దాదాపు అదే. రాష్ట్రాల విషయంలో 204వ అధికరణం ఆ మాటనే మళ్లీ చెబుతుంది. అంటే రెండు దేశాల ఖజానాలకూ వేసిన తాళం ఒకటే. తేడా ఉన్నదల్లా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, దానిని ఇవ్వనంటే తర్వాత ఏమవుతుంది అన్న రెండు విషయాల్లోనే.

అమెరికాలో కూడా ఈ తాళం మొదటి నుంచీ ఇంత బిగుతుగా లేదు. కేటాయింపులకు మించి ఖర్చు చేయరాదన్న యాంటీ డెఫిషియెన్సీ చట్టం పంతొమ్మిదో శతాబ్దం నాటిదే అయినా, నిధుల బిల్లు ఆలస్యమైతే కార్యాలయాలు ఖర్చు కాస్త తగ్గించుకుని, రేపో మాపో బిల్లు రాకపోతుందా అనుకుంటూ నడిచిపోయేవి. 1980లో జిమ్మీ కార్టర్ ప్రభుత్వంలోని అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెటీ ఆ చట్టాన్ని అక్షరాలా చదివి, కేటాయింపు గడువు ముగిసిన శాఖ పని ఆపి తలుపులు మూసుకోవడం తప్ప చేయగలిగింది లేదని అభిప్రాయం ఇచ్చారు. మరుసటి ఏడాది దానికే కొనసాగింపుగా, మనుషుల ప్రాణాలను, ఆస్తిని కాపాడే పనులను మినహాయించారు. మనం టీవీలో చూసే షట్‌డౌన్ అనే తంతు ఆ రెండు లేఖల నుంచి పుట్టింది. ఎన్నికల్లో ఓటు వేసిన వారెవరూ దానిని కోరుకోలేదు, చట్టసభా ప్రత్యేకంగా దానిని నిర్మించలేదు. ఒక న్యాయాధికారి వాక్యాన్ని వాక్యంగా చదివినందుకు వచ్చిన ఫలితం అది.

ఆ చట్టంలో ఒక మూల ఉన్న నిబంధన బాబాయి గారికి భలే నచ్చింది. అత్యవసరం కాని ఉద్యోగి షట్‌డౌన్ కాలంలో జీతం వద్దంటూ స్వచ్ఛందంగా వచ్చి పని చేస్తానన్నా ప్రభుత్వం ఆ సేవను స్వీకరించరాదు. ఆఫీసు ఈమెయిల్ చూడడం కూడా పనే అవుతుంది. ఉచితంగా తీసుకున్న పని రేపు బాకీగా మారుతుందని, బాకీ అంటే అనుమతి లేని ఖర్చేనని దాని వెనుక ఉన్న తర్కం. ట్రెజరీలో పని చేసిన వారికి ఈ తర్కం విడమర్చి చెప్పనక్కరలేదు. “పద్దు లేకుండా పని చేయించుకుంటే ఆ బిల్లు ఎప్పటికైనా నా బల్ల మీదకే వచ్చేది” అన్నారాయన.

ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు విశాఖపట్నానికి తెచ్చి చూస్తే ఎపిసోడ్ కంటే స్పష్టంగా అర్థమవుతుంది. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి షట్‌డౌన్‌లకు అది తగిన రోజు. మనకు అది తుపానుల నెల, 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబర్ 12న. ఆ నెలలో కేంద్రానికి నిధుల అనుమతి ఆగిపోయిందనుకుందాం. వాతావరణ శాఖ వారి తుపాను హెచ్చరికల కేంద్రంలో ఉద్యోగులు రాత్రింబవళ్లు కూర్చుని గాలి వేగం, పీడనం లెక్కలు చూస్తూనే ఉంటారు, ఎందుకంటే అది ప్రాణాలు కాపాడే పని, కానీ వారి జీతం పడదు. విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే సీఐఎస్‌ఎఫ్ సిబ్బందిదీ అదే పరిస్థితి. తూర్పు నౌకాదళంలో నావికులు విధుల్లోనే ఉంటారు, డాక్‌యార్డులో పౌర ఉద్యోగులు మాత్రం రెండుగా విడిపోతారు: రేవులో ఉన్న నౌక భద్రతకు తప్పనివారు లోపల, మిగిలినవారు ఇంట్లో. ఆదాయపు పన్ను కార్యాలయంలో దస్త్రాలు కదలవు. ఇక పోర్టు, ఉక్కు కర్మాగారం మాత్రం మామూలుగానే నడుస్తాయి. పోర్టు తన రాబడి మీద బతుకుతుంది, ఉక్కు కర్మాగారం ఒక కంపెనీ, వాటి రోజువారీ ఖర్చు సంఘటిత నిధి నుంచి రాదు. గోపాలపట్నంలో ఒకే వీధిలో ఉన్న మూడు ఇళ్లలో ఒకరు జీతంతో పనికి, ఒకరు జీతం లేకుండా పనికి వెళుతుంటే, మూడో ఆయన జీతమూ పనీ లేక వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. షట్‌డౌన్ అంటే సరిగ్గా ఇదే. అందులో ఎవరి ప్రతిభకూ, ఎవరి తప్పుకూ సంబంధం లేదు, ఎవరి జీతం ఏ పద్దులోంచి వస్తుందన్నదే ప్రశ్న.

అమెరికాలో సామాజిక భద్రత పింఛన్ల వంటివి ఏటేటా కేటాయింపు అక్కరలేని శాశ్వత చట్టాల కింద నడుస్తాయి కాబట్టి అవి ఆగవు. వీసాల పని కూడా చాలావరకు రుసుముల మీదే నడుస్తుంది గనుక హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ తలుపులు అంత తేలికగా మూతపడవు. హెచ్1బీకి ముందుగా కావలసిన కార్మిక శాఖ ధ్రువీకరణ మాత్రం 2013లోనూ 2025లోనూ నిలిచిపోయింది. సీతమ్మధారలోనో లాసన్స్‌బే కాలనీలోనో, పిల్లలు అక్కడ ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్న తల్లిదండ్రులకు వాషింగ్టన్ బడ్జెట్ గొడవ ఇంటి గొడవ అయ్యేది ఈ ఒక్క కిటికీ దగ్గరే.

ఇప్పుడు బాబాయి గారి ప్రశ్నకు వద్దాం. ఎపిసోడ్‌లో హాఫ్లీ అడిగిన మూడు శాతం కోతను మన లోక్‌సభ భాషలో కోత తీర్మానం అనవచ్చు. గ్రాంట్ల డిమాండ్ల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు ప్రభుత్వం సభను అడిగే మొత్తాల మీద, ప్రతిపక్షాలు ఏటా అలాంటి తీర్మానాలు ఇస్తూనే ఉంటాయి. విధానంతో విభేదిస్తే డిమాండును ఒక్క రూపాయికి తగ్గించమంటారు, ఒక నిర్దిష్ట ఫిర్యాదు ఉంటే వంద రూపాయలు తగ్గించమంటారు. వంద రూపాయలే కదా అనుకోవడానికి లేదు. అది నెగ్గితే ప్రభుత్వానికి సభ విశ్వాసం లేదనే అర్థం, దిగిపోవడం తప్ప దారి లేదు. అందుకే 2010 ఏప్రిల్ 27న లోక్‌సభలో కోత తీర్మానాల మీద ఓటింగు జరిగినప్పుడు యూపీఏ ప్రభుత్వం ప్రతి ఓటునూ లెక్కబెట్టుకుని 289–201తో గట్టెక్కింది. మంత్రివర్గం సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహిస్తుందని 75వ అధికరణం అంటుంది. బడ్జెట్ ఓడితే ఆ బాధ్యత తీరనట్టే. డబ్బు నిరాకరించడమూ పదవి నిరాకరించడమూ మనకు ఒకే ఓటు.

అమెరికాలో ఆ రెండూ వేరు. అధ్యక్షుడిని నాలుగేళ్లకు ఎన్నుకున్నది ప్రజలు. సభ ఆయనకు డబ్బు నిరాకరించవచ్చు గానీ ఆ కారణంతో దింపలేదు. ఆయన సభను రద్దు చేయలేడు, ఆర్డినెన్సుతో ఖర్చు చేయనూ లేడు. మన టీవీ ప్రేక్షకులను తికమకపెట్టే ఇంకో సంగతి ఆ స్పీకరు. స్పీకర్ అనగానే మనకు సభ్యులను కూర్చోమని బతిమాలే పెద్దమనిషి గుర్తొస్తాడు. అక్కడ ఆయన మెజారిటీ పక్షానికి నాయకుడు, ఏ బిల్లు ఎప్పుడు సభకు రావాలో శాసించేవాడు. కాబట్టి ఎపిసోడ్‌లో నడవకు ఇటూ అటూ నిలిచినవారు ఇద్దరూ ప్రజల ఓటుతో వచ్చినవారే, ఇద్దరిలో ఎవరూ ఎవరినీ పంపించలేరు. ఇలాంటి ఇద్దరి మధ్య పంతం వస్తే తీర్చే ఓటు లేదు. అందుకే ఉద్యోగి జీతం తాకట్టులో పడుతుంది.

అయితే మన దగ్గర ఇలాంటివి జరగనే జరగవని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఒకసారి చిన్న మోతాదులో జరిగింది, పైగా గొడవకు మూలం విశాఖపట్నమే. విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా చేసే పరిపాలనా వికేంద్రీకరణ బిల్లును 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. 175 స్థానాల సభలో 151 మంది అధికార పక్షం వారే అయినా, శాసన మండలిలో అప్పటికి తెలుగుదేశానిది పైచేయి. మండలి ఛైర్మన్ ఆ బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపారు. దానికి బదులుగా మండలినే రద్దు చేయాలని శాసనసభ ఆ నెలాఖరులో తీర్మానించింది. ఈ ఊపులోనే కోవిడ్ వచ్చి పడింది. పూర్తి బడ్జెట్ పెట్టే వీలు లేక, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సుతో అనుమతి తెచ్చుకున్నారు. జూన్ 30 తర్వాత ఒక్క రూపాయి తీయాలన్నా ద్రవ్య వినిమయ బిల్లు చట్టం కావాలి.

జూన్ నడుమ రెండు రోజుల సమావేశాలు పెట్టారు. శాసనసభలో బడ్జెట్ గట్టెక్కింది, రాజధాని బిల్లు రెండోసారి ఆమోదం పొందింది. జూన్ 17న మండలిలో మాత్రం ఏ బిల్లు ముందు రావాలన్న దగ్గరే ఇరుపక్షాలూ పంతానికి పోయాయి. రాజధాని బిల్లులు ముందు కావాలని ఒకరు, ద్రవ్య వినిమయ బిల్లు ముందు తీసుకోవాలని ఇంకొకరు. గందరగోళం మధ్య సభ నిరవధికంగా వాయిదా పడింది. రెండూ అలాగే మిగిలిపోయాయి. ఆ సాయంత్రం టీవీ చర్చలన్నీ రాజధాని చుట్టూనే తిరిగాయి, ఖజానా తలుపు ఎవరి కంటా పడలేదు. ట్రెజరీ వాళ్ల కంట మాత్రం పడింది. “వేళ్ల మీద లెక్క వేసుకున్నాం బాబూ. పద్నాలుగు రోజులంటే నెల దాటిపోతాది” అని బాబాయి గారు ఆ రోజును గుర్తు చేసుకున్నారు.

ఆ పద్నాలుగు రోజుల లెక్క 198వ అధికరణంలోనిది. ద్రవ్య వినిమయ బిల్లు కూడా ద్రవ్య బిల్లే. ద్రవ్య బిల్లును మండలి ఓడించలేదు, మార్పులు సూచించగలదు అంతే. అందిన 14 రోజుల్లో తిరిగి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. కేంద్రంలో రాజ్యసభకూ 109వ అధికరణం ప్రకారం ఇంతే గడువు. రాజ్యాంగం రాసినవారు ఎగువ సభ చేతికి తాళంచెవి ఇవ్వకుండా, కాసేపు తలుపు దగ్గర నిలబడే హక్కు మాత్రమే ఇచ్చారన్నమాట. మామూలు నెలల్లో ఆ కాసేపు ఎవరికీ పట్టదు. 2020లో పాత అనుమతి జూన్ 30న ముగియడం, కొత్త బిల్లుకు గడువు జులైలోకి జారడంతో జులై 1న రాష్ట్ర ఉద్యోగుల జీతాలు, పింఛన్లు పడలేదు. గడువు తీరి గవర్నర్ ఆమోదం వచ్చాకే బిల్లులు కదిలాయి. రోజుల్లో తేలిపోయింది కాబట్టి దానిని ఎవరూ షట్‌డౌన్ అనలేదు. కానీ ఎపిసోడ్‌లోని సరుకంతా అందులో ఉంది: ఒకరినొకరు దింపలేని రెండు సభల పక్షాలు, మధ్యలో ఇంకేదో అసలు గొడవ, ఆగిపోయిన జీతం. తేడా ఒక్కటే. మన తలుపుకు తనంతట తాను తెరుచుకునే గడియారం బిగించి ఉంది, అమెరికా తలుపుకు అది లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తేదీ దాటి జీతాలు పడిన నెలలు ఇంకా ఉన్నాయి. అవి ఈ కోవలోకి రావు. అప్పుడు అనుమతి ఉంది, చేతిలో కాసులే లేవు. 2020 జులైలో చట్టపరమైన అనుమతి లేదు. జీతం అందనివాడికి రెండూ ఒకటే అనిపించవచ్చు గానీ, ఒకదానికి మందు అప్పో రాబడో, రెండోదానికి మందు ఓటు. అనుమతి సమయానికి ఉంటే ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందో చూడాలంటే 2024ను చూడాలి. ఎన్నికల ముందు ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి), కొత్త ప్రభుత్వం వచ్చాక మరికొన్ని నెలలకు ఆర్డినెన్సు, చివరికి నవంబర్ 11న పూర్తి బడ్జెట్. ఏడు నెలలకు పైగా పూర్తి బడ్జెట్ లేకుండా రాష్ట్రం నడిచినా జగదాంబ జంక్షన్‌లో ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఎపిసోడ్ దగ్గరకు తిరిగి వస్తే, అది అల్లిన కథకు మూలం 1995లోనే దొరుకుతుంది. బిల్ క్లింటన్‌కూ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్‌కూ బడ్జెట్ మీద వచ్చిన తగాదాలో ప్రభుత్వం నవంబర్‌లో అయిదు రోజులు, తర్వాత డిసెంబర్ 16 నుంచి జనవరి దాకా 21 రోజులు మూతపడింది. ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ అంత్యక్రియల నుంచి తిరిగి వస్తూ, అధ్యక్షుడి విమానంలో తనను వెనుక ద్వారం గుండా దింపారని, ఆ అవమానం కూడా తన పట్టుదలకు కొంత కారణమని గింగ్రిచ్ విలేకరుల ముందు నోరు జారారు. న్యూయార్క్ డైలీ న్యూస్ ఆయనను ఏడుపుగొట్టు పసివాడిగా బొమ్మ వేసి మొదటి పేజీ నింపింది. రచయితలు ఈ సంఘటనను తిరగేశారని నాకనిపిస్తుంది. నిజంలో తలుపు దగ్గర చిన్నబుచ్చుకున్నది స్పీకరు, కథలో అధ్యక్షుడు. రెండు చోట్లా ఓడింది మాత్రం స్పీకరే.

ఈ తిరగవేతలో నాటకీయత పండింది, నిజం కొంత పలచబడింది. ఒక నడకతో, ఒక నిరీక్షణతో షట్‌డౌన్ ముగుస్తుందని ఎపిసోడ్ నమ్మిస్తుంది. సరిహద్దు గోడ నిధుల కోసం 2018 డిసెంబర్ 22న మొదలైనది 35 రోజులు సాగింది. దానికి ముగింపు పలికిన రోజున ఎవరూ ఎక్కడికీ నడిచి వెళ్లలేదు. నెలకు పైగా జీతం లేని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు కొందరు ఆరోగ్యం బాగాలేదని పనికి రాకపోవడంతో న్యూయార్క్‌లోని లాగార్డియాలో విమానాలు నిలిచాయి, అదే రోజు రాజీ కుదిరింది. 2025 అక్టోబర్ 1న మొదలైనదైతే 43 రోజులు నడిచింది. ఎపిసోడ్‌లో ఆ కంట్రోలర్లకు సమానమైన పాత్ర లేదు. దాని కెమెరా నడవను దాటి బయటకు పెద్దగా రాదు, అది దాని ప్రధాన లోపమని నా అభిప్రాయం.

అలాగని మన పద్ధతే మేలని చప్పట్లు కొట్టడానికి నేను సిద్ధంగా లేను. డబ్బు ఓటునూ పదవి ఓటునూ కలిపి కట్టేయడంతో, అధికార పక్ష సభ్యుడు ఒక పద్దును ప్రశ్నించాలన్నా సొంత ప్రభుత్వాన్ని కూల్చినంత పని అవుతుంది. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం విప్ రూపంలో, అంటే ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం రూపంలో, ఆ ముడిని ఇంకా బిగించింది. ఫలితంగా గిలెటిన్ అనే పద్ధతి మనకు అలవాటైపోయింది. గడువు కాగానే చర్చకు రాని డిమాండ్లన్నిటినీ కలిపి ఒక్కసారిగా ఓటుకు పెడతారు. 2018 మార్చిలోనూ 2023 మార్చిలోనూ కేంద్ర బడ్జెట్ లోక్‌సభలో గోల మధ్య, చర్చ లేకుండా, నిమిషాల్లో ఆమోదం పొందింది. హాఫ్లీ మూడు శాతం కోసం పేచీ పెట్టాడు గానీ, ఏ పద్దులో ఎంత ఉందో ఆయన పక్షానికి తెలుసు. మన సభల్లో ఎంతమందికి తెలిసి చేయి ఎత్తుతారన్నది అడగకుండా ఉండలేని ప్రశ్న.

ఎపిసోడ్ అయ్యాక బాబాయి గారు బీరువాలోంచి పాత పాస్‌బుక్కు తీసి 2020 పేజీ చూపించారు. మే, జూన్ వరసలను దాటి ఆయన వేలు జులై దగ్గర ఆగింది. పక్కన పెన్సిలుతో సన్నగా ఆయన అప్పట్లోనే రాసుకున్న మాట ఉంది: “మండలి”.